అన్నీ తనే చేసుకుంటుంది

సిద్రా ఆఖరి పేజీ తిప్పలేదు. మా అమ్మాయి లెక్కల పేపరు నా చేతికిస్తూ టీచరు చెప్పిన మొదటి మాట అదే.

అంతకు ముందు చేసిన ప్రతి లెక్కకూ నిండా మార్కులున్నాయి. ఒక లెక్కను క్లాసులో చెప్పని దారిలో చేసిందట, దాని పక్కన ఎర్ర ఇంకుతో మెచ్చుకుంటూ ఏదో రాసి ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. ప్రశ్నపత్రానికి వెనకవైపు ఒకటుందని అది చూసుకోనే లేదు. టైముకు ముందే పేపరిచ్చేసి, కిటికీ బయట ఏసీ డబ్బా మీద వాలిన పావురాలను చూస్తూ కూర్చుందట.

"బంగారంలాంటి బుర్ర. కానీ నిర్లక్ష్యం" అన్నారు టీచరు.

ఆ మాటను నేను ఎల్‌కేజీ నుంచి వింటూనే ఉన్నాను. టీచర్లు మారారు గానీ మాట మారలేదు. నాకు ఇంగ్లీషు అంతగా రాదు. ఇంటర్లో చేరిన ఏడాదే పెళ్లయింది, పుస్తకాలు కడపలోనే మూటగట్టి వచ్చాను. అందుకని స్కూలు నుంచి ఫోనుకొచ్చే మెసేజులు సిద్రాయే చదివి అర్థం చెబుతుంది. "నా మీద కంప్లయింట్లు నేనే సదివి వినిపించల్ల, ఎంత గొప్ప బతుకో సూడు అమ్మీ" అంటుంది. మా ఇంట్లో మాట సగం ఉర్దూ, సగం కడప తెలుగు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మాకే తెలియదు.

ఇదంతా నిరుడు, సెలవులయ్యాక స్కూలు తెరిచిన ఆగస్టు నుంచి, మస్కట్‌లో సాయంత్రం పూట మళ్లీ కిటికీలు తెరిచే అక్టోబరు చివరి వరకూ జరిగిన సంగతి. సిద్రా తొమ్మిదో తరగతి. ఎనిమిదిలో క్లాసు ఫస్టు.

ఆ సెలవుల్లోనే ఖురంలోని క్లినిక్‌లో డాక్టరమ్మ దానికి ఒక పేరు చెప్పింది. ఏడీహెచ్‌డీ, ధ్యాస ఒకచోట నిలవకపోవడం. అది కుదురు లేని మగపిల్లలకు వచ్చేదని, చదువు రాని పిల్లలకు వచ్చేదని అనుకునేదాన్ని. "మీ అమ్మాయికి తెలివి ఎక్కువ. ఆ తెలివితోనే ఇన్నాళ్లూ దాన్ని కప్పిపెట్టుకొచ్చింది. చదువు బరువయ్యేకొద్దీ కప్పుకోవడానికే ఒంట్లో బలమంతా అయిపోతుంది. మందు సంగతి నిదానంగా చూద్దాం. ముందు స్కూల్లో చెప్పండి, వాళ్ల దగ్గర ఇలాంటి పిల్లలకు సాయం ఉంటుంది" అంది.

మేము స్కూల్లో చెప్పలేదు.

"కాగితం మీద పడిందంటే అది పిల్ల కంటే ముందు నడుస్తాది సఫూ" అన్నాడు మా ఆయన. ఎహసాన్ వాదీ కబీర్‌లో కార్ల స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ మీద ఉంటాడు. "కాలేజీలో సీటడిగితే ముందు ఆ కాగితం. సంబంధం వస్తే ముందు ఆ కాగితం. ఫస్టొచ్చే పిల్లను తీసకపోయి స్పెషల్ పిల్లల గదిలో కూసోబెడ్తామా?"

"లెక్కల్లో పేజీ తిప్పలేదంట" అన్నాను.

"వచ్చేసారి తిప్పుతాది. తిప్పమని చెప్పు."

చెప్పడం ఒక్కటే పని అయితే నేను ఎప్పుడో గట్టెక్కేదాన్ని. పొద్దున దాన్ని లేపడం ఒక పని. లేచింది గదా అని వంటింట్లోకి వస్తే ఒక సాక్సు తొడుక్కుని రెండోది చేతిలో పట్టుకుని గోడవైపు చూస్తూ ఉంటుంది. ఏమే అంటే, "నక్షత్రం చచ్చిపోయినాక దాని వెలుగు ఇంకా వస్తానే ఉంటాదంట అమ్మీ" అంటుంది. బస్సు కింద హారన్ కొడుతూ ఉంటుంది. ఐడీ కార్డు ఫ్రిజ్ మీద, లెక్కల పుస్తకం బాత్రూంలో, బూట్లలో ఒకటి మంచం కింద. అన్నీ ఏరి, నోట్లో ముద్ద పెట్టి, లిఫ్టు దాకా తోలితే అప్పటికే నాకు ఒక పగలు గడిచినట్టుంటుంది.

సాయంత్రం నేను పక్కన కూర్చుంటేనే అది చదువుతుంది. నాకు ఆ పాఠాలు అర్థం కావు, దానికి నేను చెప్పేదీ ఏమీ లేదు. రూవిలో ఒక షాపువాళ్లు అబాయాలు, ఇక్కడి ఆడవాళ్లు వేసుకునే నల్లటి పొడుగు గౌన్లు, ఇస్తారు, అంచులకు పూసలు కుట్టి ఇవ్వాలి. అవి ఒళ్లో వేసుకుని నేను కుడుతుంటే అది రాస్తుంది. నేను పొయ్యి మీద పాలు చూడ్డానికి లేచానా, అదీ లేస్తుంది. మళ్లీ కూర్చోబెట్టేసరికి పాలు పొంగిపోతాయి.

పక్క ఫ్లాట్ సూర్యకుమారిగారిది రాజమండ్రి వైపు. వాళ్ల లాస్యా, మా సిద్రా ఒకే సెక్షన్. కింద కూరగాయల షాపులో కలిసినప్పుడు లెక్కల మార్కులు అడిగింది. అడగకుండా ఉండదు.

"అయ్యో, ఫస్టొచ్చే పిల్లకి ఇదేవిటండీ" అంది బెండకాయల చివర్లు విరుస్తూ. "సురేందర్ సార్ దగ్గరికి పంపించండి. మా లాస్యని చూడండి, ఇదివరకు లెక్కలంటే జ్వరం వచ్చేది. ఇప్పుడు జ్వరం వచ్చినా వెళ్తోంది."

"మాదానికి లెక్కలు వచ్చు అండీ. కూర్చోవడమే రాదు."

"కూర్చోబెట్టడంలో ఆయనకి పెట్టింది పేరు. చాప మీదనుంచి కదిలితే ఒట్టు."

చాప మీద కూర్చోబెట్టే మనిషి ఇంకొకరు దొరికితే నాకు సాయంత్రాలు మిగులుతాయనిపించింది. ఎహసాన్‌కు కూడా అదే నచ్చింది. ట్యూషన్‌కు ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. మస్కట్‌లో ట్యూషన్‌కు పోని పిల్లే వింత.

సురేందర్ సార్‌ది కరీంనగర్. రూవిలో ఆయన ఫ్లాటు హాలు నిండా పిల్లలే. సిద్రా స్కూలు నుంచి వచ్చి, అన్నం సగం తిని, అక్కడికి పోయి, చీకటి పడ్డాక వచ్చేది. వచ్చాక స్కూలు హోంవర్కు ఉండేది. యూనిఫాంలోనే సోఫా మీద నిద్రపోయేది. లేపితే అరిచేది, తర్వాత అరిచినందుకు ఏడ్చేది. సెప్టెంబరు మొదట్లో ఒక సాయంత్రం నేను తీసుకురావడానికి పోతే సార్ తలుపు దగ్గరే ఆపాడు.

"అమ్మా, ఏమనుకోవద్దు. గీ పిల్లకు నేను జెప్పేది ఏం లేదు. నేను బోర్డు మీద లెక్క రాస్తుంటే సగంల జవాబు జెప్తది. మిగతా పోరగాళ్లు నా మొకం జూస్తరు."

"మరి మార్కులు, సార్?"

"లెక్క రాక పోతలేవమ్మా. గా పిల్లకు తెల్వంది లెక్క కాదు. మధ్యల్ల లేస్తది, నీళ్లు తాగుతది, మల్లొచ్చి ఎవని పుస్తకమో పట్టుకుంటది. తిడ్తే ఏడుస్తది, జూస్తే నాకే మంచిగనిపియ్యది." లోపలి పిల్లలకు వినపడకుండా తలుపు దగ్గరికి లాగాడు. "మా చెల్లె కొడుకు గిట్లనే ఉండె. స్కూల్ల మాట్లాడుండ్రి. నా దగ్గర పెట్టి పిల్లను అలవగొట్టకుండ్రి."

ట్యూషన్ మాస్టారే ట్యూషన్ వద్దన్నాడంటే ఎహసాన్ చాలాసేపు నమ్మలేదు. ఆఖరికి, "ఒకసారి పోయి విందాం. వినేదానికి ఏముంది" అన్నాడు.

స్కూలు కౌన్సిలర్ షీబా మేడమ్‌తో టైము తీసుకున్నాం. ఆయన షాపులో సెలవడిగి వచ్చాడు. గేటు దగ్గర కారాపి, లోపలికి పోయే ముందు నాతో, "అడిగినదానికి మాత్రమే చెప్పు. ఎక్కువ మాట్లాడొద్దు" అన్నాడు.

నేను ఒమన్ వచ్చిన కొత్తలో వీసా మెడికల్‌కు తీసుకుపోతూ కూడా ఆయన ఇలాగే చెప్పాడు. ఏమడిగినా లేదు అను. కళ్లు తిరుగుతాయా, లేదు. ఇంతకు ముందు ఏమైనా జబ్బు చేసిందా, లేదు. ఇంట్లో ఎవరికైనా ఉందా, లేదు. ఇక్కడ బతికే మావాళ్లందరికీ ఫోన్ నంబరు కన్నా ముందు కంఠతా వచ్చే పాఠం అది. వీసా రెన్యువల్ అయిన ప్రతిసారీ చదివిందే మళ్లీ చదువుతాం.

షీబా మేడమ్‌ది కేరళ. ఇంగ్లీషులో అడుగుతుందేమోనని భయపడ్డాను గానీ హిందీలోనే మొదలుపెట్టింది. మేమిచ్చిన డాక్టరమ్మ రిపోర్టు చదివి పక్కన పెట్టింది. సిద్రా మా ఇద్దరి మధ్యా కూర్చుని కాలు ఊపుతోంది.

"ఇంట్లో వస్తువులు ఎక్కడెక్కడో పెట్టి మర్చిపోతుందా?"

"లేదు మేడమ్."

"పొద్దున రెడీ కావడానికి ఎవరైనా వెంటపడాలా?"

"లేదు. తనే లేస్తుంది."

"హోంవర్కు? పక్కన ఎవరైనా ఉండాలా?"

"లేదు మేడమ్. అన్నీ తనే చేసుకుంటుంది."

ఎహసాన్ తల ఊపుతున్నాడు. అబద్ధం చెప్పాలని నేను ఇంటి దగ్గర బయల్దేరలేదు. ఆ కుర్చీలో కూర్చున్నాక నాకు ఇంకో జవాబు నోటికి రాలేదు. ఎదురుగా బల్ల, బల్ల వెనక మెడలో కార్డు వేసుకున్న మనిషి, ఆ మనిషి చేతిలో పెన్ను. లేదు, లేదు, లేదు.

షీబా మేడమ్ పెన్ను కింద పెట్టింది. "డాక్టరు ఒకటి చెబుతున్నారు, ఇల్లు ఒకటి చెబుతోంది. మార్కులేమో మంచివే. హాఫ్ ఇయర్లీకి ముందు మా కమిటీ కూర్చుంటుంది. ఎవరికి సాయం కావాలో అక్కడే తేలుస్తాం. మీరు చెప్పింది చెప్పినట్టు నేను వాళ్లకు చెబితే ఈ అమ్మాయికి అక్కర్లేదనే అంటారు." సిద్రా వైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

కాలు ఊపడం ఆగింది. సిద్రా నా ముఖంలోకి చూసింది. "అమ్మీ చెప్పింది కదా మేడమ్" అంది.

తిరిగి వస్తూ ఎహసాన్ దార్‌సైట్ మలుపులో టీ షాపు ముందు కారాపి హారన్ కొట్టాడు. షాపతను కిటికీ దగ్గరికే కరక్ చాయ్ తెచ్చి ఇచ్చాడు. ఆయన ముఖంలో నెలల తర్వాత నవ్వు. "సూసినావా, మేడమే అనింది, అక్కర్లేదని. ఊరికే భయపడి చస్తాంటిమి."

నేను కప్పు పట్టుకుని కూర్చున్నాను. వెనక సీట్లోంచి సిద్రా అడిగింది.

"అమ్మీ, అన్నీ నేనే చేసుకుంటానా?"

ఆయన రేడియో పెట్టాడు.

మర్నాటి నుంచి సిద్రా అన్నీ తనే చేసుకోవడం మొదలుపెట్టింది.

లేపడానికి పోతే, "నేను లేస్తా, నువ్వు పో" అంది. లేవలేదు. బస్సు పోయింది, ఎహసాన్ తిట్టుకుంటూ దింపి వచ్చాడు. తర్వాతి రోజు లేచింది గానీ అన్నం డబ్బా మర్చిపోయింది. నేను వెనకాల పరిగెత్తబోతే లిఫ్టు తలుపులో నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. మేడమ్‌కు చెప్పినావు కదా." సాయంత్రం తన గదిలో తలుపేసుకుంది. నేను హాల్లో కుడుతూ వింటూ ఉన్నాను. కుర్చీ జరిపిన చప్పుడు, బీరువా తెరిచిన చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు. కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు మాత్రం రాలేదు.

కోపంతో చేస్తోందనుకున్నాను మొదట. ఒకసారి తలుపు సందులోంచి చూస్తే అది గడియారం ముందు పెట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, తొడ మీద తనే గిల్లుకుంటూ పుస్తకంలోకి చూస్తోంది. అది కోపం కాదు. నేను చెప్పిన అబద్ధాన్ని అది నిజం చేయాలని చూస్తోంది.

"అబ్బా, దానికి కొంచెం చెప్పండి" అన్నాను ఎహసాన్‌తో. పిల్ల పుట్టినప్పటినుంచీ నేనూ ఆయన్ను అబ్బా అనే పిలుస్తాను.

"ఏమని చెప్పల్ల? తన పని తను చేసుకుంటాంటే వద్దనల్లనా?" అన్నాడు. కానీ గొంతులో మునుపటి ధీమా లేదు. ఆ పొద్దున కూడా స్కూలుకు దింపి వచ్చింది ఆయనే.

యూనిట్ టెస్టులు మొదలయ్యాయి. రెండో పరీక్ష రోజు బస్సు వచ్చి పోయింది, లాస్య పైకి వచ్చింది, సిద్రా రాలేదు. "నాతోనే దిగింది ఆంటీ, కిందే ఉంది" అంది లాస్య.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాను. కింద నీళ్ల మీటర్ల దగ్గర, గాలి ఆడని మూలలో, బ్యాగు ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నేను పక్కన కూర్చున్నాను. బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ చెప్పింది.

"ఈరోజు సైన్స్ అంట. నేను సోషల్ చదివి పోయినా."

"మరి?"

"రాసినా. క్లాసులో విన్నింది గుర్తుండె."

"వచ్చినంత వస్తాది లే బంగారూ."

"వస్తాయి. బాగానే వస్తాయి అమ్మీ." తల బ్యాగు మీద ఆనించింది. "అందుకే ఎవరూ నమ్మరు. పరీక్ష హాల్లో పేపరు తిరగేస్తే సోషల్ ఒక్కటీ లేదు. అందరూ రాస్తాండారు, నేను ఏ సబ్జెక్టో వెతుక్కుంటాండా. అది ఎవరికీ కనపడదు. మార్కులు కనపడతాయి." కళ్లు మూసుకుని, "నేను శానా అలిసిపోయినా అమ్మీ" అంది.

పద్నాలుగేళ్ల పిల్ల ఆ మాటను మా అమ్మ అన్నట్టే అంది. దాన్ని పైకి తీసుకుపోయి, స్నానం చేయించి, పెరుగన్నం కలిపి తినిపించి పడుకోబెట్టాను. వద్దనలేదు.

తర్వాత షాపుకు ఫోన్ చేశాను.

"నేను రేపు స్కూలుకు పోతాండా."

ఆ వైపు ఎవరో బ్రేక్ ప్యాడ్ల బేరం ఆడుతున్నారు. "డ్యూటీలో ఉండా. రాత్రికి మాట్లాడుకుందాం" అన్నాడు.

"మాట్లాడేదానికి కాదు. చెప్తాండా, అంతే."

బేరమాడే మనిషి మాటలే కాసేపు వినబడ్డాయి. "ఏం చెప్తావు పోయి?"

"అడిగినవాటికే చెప్తా" అన్నాను.

టాక్సీలో పోయాను. షీబా మేడమ్ గదిలో అదే కుర్చీ. కూర్చోగానే మళ్లీ లేదు అన్న మాటే నోటికి వచ్చింది. అందుకని ఆమె ఏదీ అడగక ముందే మొదలుపెట్టాను. పొద్దున లేపడం దగ్గర నుంచి మొదలుపెట్టి, సాక్సు, బూట్లు, నోట్లో ముద్ద, బాత్రూంలో పుస్తకం, నేను లేస్తే లేవడం, పొంగిపోయిన పాలు, చెవుల్లో దూది, గిల్లుకున్న తొడ, సోషల్ చదివి సైన్స్ రాయడం, అన్నీ చెప్పాను. చెబుతూ ఉంటే నా మీద నాకే ఆశ్చర్యం వేసింది. ఇంత పని చేస్తున్నానని నేను ఎప్పుడూ ఒకచోట పెట్టి చూసుకోలేదు.

షీబా మేడమ్ రాయడం మానేసి వింది. అయ్యాక అడిగింది. "ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

ఏం చెప్పాలో తెలియక ఉన్నదే చెప్పాను. "మెడికల్‌లో కూర్చున్నట్టనిపించింది మేడమ్."

ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత నవ్వు వచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా అత్తగారికి బీపీ ఉందని మాకు ఆవిడ వీసా వచ్చాకే తెలిసింది" అంది. ఆ తర్వాత నవ్వకుండా అంది. "చూడండి, ఆమెకు సాయం లేదని కాదు. ఇన్నాళ్లూ ఆ సాయం మీరే. మీరు పరీక్ష హాల్లోకి రాలేరు కదా."

అందరూ దాన్ని తెలివైనదన్నారు, నన్ను చాదస్తం మనిషినన్నారు. నేను చేసేదానికి సాయం అన్న పేరు ఎవరూ పెట్టలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కొంగుతో అద్దుకోకుండా కూర్చున్నాను, ఆరిపోయాయి.

కమిటీ ముందుకు పోవాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి సంతకాలూ కావాలంది. పిల్ల కూడా ఒప్పుకోవాలంది.

సంతకానికి పిలిచిన రోజు ఎహసాన్ షాపు చొక్కాతోనే వచ్చాడు, జేబు దగ్గర గ్రీజు మరక. సిద్రాను క్లాసు నుంచి పిలిపించారు. నేను చెప్పినవన్నీ షీబా మేడమ్ ఆయనకు వినిపించింది. "ఇదంతా నిజమేనా, భాయ్‌సాబ్?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "నేను ఇంట్లో ఉండేది తక్కువ మేడమ్. నాకు తెలిసింది తక్కువ. ఈమె చెప్పిందంటే నిజమే" అన్నాడు. తల ఎత్తి, "ఇది బయట ఎవరికి తెలుస్తుంది?" అని అడిగాడు.

"పాఠం చెప్పే టీచర్లకు. మీరు చెప్పుకుంటే మిగతావాళ్లకు. పదో తరగతి బోర్డు పరీక్ష సంగతి వేరు, దానికి మళ్లీ అడగాలి, వాళ్లు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఇప్పుడు మన చేతిలో ఉన్నది మన స్కూలే."

ఏమేం ఉన్నాయో చెప్పింది. పరీక్షలు వేరే గదిలో రాయవచ్చు. కొంత ఎక్కువ టైము ఇస్తారు. పేపరిచ్చేముందు అన్ని పేజీలూ చూసుకున్నావా అని అడిగే మనిషి ఉంటుంది. స్కూలయ్యాక సపోర్ట్ రూమ్‌లో కూర్చుని హోంవర్కు చేసుకుని ఆలస్యంగా బయల్దేరే రెండో బస్సులో ఇంటికి పోవచ్చు.

సిద్రా ముడుచుకుపోయింది. "డల్ పిల్లలతోనా?"

"ఎవరు డల్లో నాకు తెలియదు. నువ్వే చూసి వచ్చి చెప్పు" అంది షీబా మేడమ్.

అందరం లేచి వరండా చివరికి పోయాం. తలుపుకు అద్దం ఉంది. లోపల ఒక టీచరు పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది, ఎవరినీ పట్టించుకున్నట్టు లేదు. నలుగురైదుగురు పిల్లలు ఎవరి పనిలో వాళ్లున్నారు. ఒకబ్బాయి కిటికీ గట్టు మీద పుస్తకం పెట్టుకుని, నిలబడి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి ఊగుతూ జోరుగా రాసుకుంటున్నాడు.

సిద్రా అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు చూసింది.

"నిలబడి రాయొచ్చా మేడమ్?"

"రాయొచ్చు."

"తిట్టరా?"

"ఎందుకు తిడతారు? రాస్తున్నాడు కదా."

సిద్రా వాళ్ల అబ్బా వైపు తిరిగింది. "నాకు ఇది కావల్ల. ఎక్కువ టైము కూడా. ట్యూషన్ వద్దు."

ఆయన ఇంకా అద్దంలోంచి ఆ పిల్లవాడినే చూస్తున్నాడు. "పెన్ను ఉందా మేడమ్" అన్నాడు.

కమిటీ ఒప్పుకుంది. దీంతో అన్నీ చక్కబడ్డాయని చెప్పను. హిందీ టీచరు ఒకామె, ఫస్టొచ్చే పిల్లకు ఇవన్నీ దేనికని క్లాసులోనే అందట. సిద్రా ఆ రోజు అన్నం తినలేదు. షీబా మేడమ్ ఆమెతో మాట్లాడాక ఆ మాట ఆగింది, ఆ చూపు ఆగలేదు. లాస్య అడిగితే మాత్రం సిద్రా ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇక ఆ మాట పక్క ఫ్లాటంతా తెలుస్తుందనుకున్నాను. అనుకున్నట్టే సూర్యకుమారిగారు బెల్లు కొట్టింది.

"ఒక్క మాటైనా చెప్పలేదేమండీ" అంది చెప్పులు విప్పుతూ. నేను తల వంచుకున్నాను. ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఎక్కువ టైము ఇస్తారటగా. మా లాస్యని కూడా చేర్చుకుంటారేమో, కాస్త అడిగి పెడతారా?"

హాఫ్ ఇయర్లీ మొదటి పరీక్షకు పంపించి నేను ఇంట్లో కాలు నిలవకుండా తిరిగాను. అది వచ్చి బూట్లు విప్పకుండానే చెప్పింది. గదిలో ముగ్గురే ఉన్నారట, ఫ్యాను కిర్రుకిర్రుమందట, ఎక్కువ ఇచ్చిన టైము వాడుకోనే లేదట.

"మరి ఎందుకడిగినావే అంత పట్టుబట్టి?"

"ఉందని తెలుసు కదా. అందుకే తొందర పుట్టలేదు" అంది.

అక్టోబరు చివర్లో గాలి మారింది. సపోర్ట్ రూమ్ రోజుల్లో సిద్రా రెండో బస్సుకు వచ్చేది. మధ్యాహ్నం వంటయ్యాక ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలేదాన్ని. మొదట్లో ఆ పొద్దు ఎలా గడపాలో తెలియక ఊడ్చిందే ఊడ్చాను. ఒక రోజు కిటికీ తెరిచి, ఊరికే నడుం వాల్చాను. సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. ఎన్నేళ్ల నిద్రో అది, ఒళ్లు మంచానికి అతుక్కుపోయింది.

లేచేసరికి సిద్రా గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"అమ్మీ, బ్యాగు బస్సులో మర్చిపోయినా."

నేను దిగ్గున కూర్చున్నాను. అది చెయ్యి ఎత్తింది, ఆగమన్నట్టు. "లాస్య ఫోన్‌లో షీబా మేడమ్‌కు చెప్పినా. మేడమ్ బస్సు డ్రైవర్ సమీయుల్లా భాయ్‌కు చెప్పింది. పొద్దున తెచ్చిస్తాడు."

"రేపు పరీక్ష ఏంది?"

"సోషల్. రెండుసార్లు సూసుకున్నా, సోషలే."

"పుస్తకం?"

"బ్యాగులో ఉంది."

నేను లేవబోయాను. పక్క ఫ్లాటుకు పోయి పుస్తకం అడగాలి, జిరాక్స్ తీయించాలి, వాళ్ల అబ్బాకు ఫోన్ చేయాలి, బస్సు ఎక్కడుందో కనుక్కోవాలి. ఇవన్నీ నేను కళ్లు తెరిచేలోపే తలలో వరసగా నిలబడ్డాయి.

"లాస్య ఇస్తానంది. తను సదువుకోవడం అయినాక పోయి తెచ్చుకుంటా" అంది సిద్రా. వచ్చి నా పక్కన పడుకుంది, బూట్లతోనే. "కొంచెం జరుగు అమ్మీ."

జరిగాను. కాసేపటికి అదే లేచింది. తలుపు తీసిన చప్పుడు, పక్క ఫ్లాటు బెల్లు చప్పుడు, "ఆంటీ" అన్న పిలుపు వినబడ్డాయి.

నేను లేవలేదు.